ఇరవై నాలుగు సైజు అక్షరాలు

ఆ మంగళవారం పొద్దున నా స్క్రీన్ మీద వరుసలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. పై వరుస వత్తులు కింది వరుస తలకట్లలో దిగబడ్డాయి. మూడో వరుస మీద నొక్కితే కర్సర్ పోయి నాలుగో వరుసలో నిలబడింది. హూడి నుంచి నేను వచ్చే బస్సులో ఒకరి భుజం మీద ఒకరి గడ్డం ఆనించుకుని నిలబడతామే, అచ్చం అలాగే ఉంది. కళ్ళు నులుముకున్నాను. అద్దాలు తీసి చున్నీ చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాను. వరుసలు విడిపోలేదు.

ఇంకెవరైనా అయితే ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌ని ఒక తిట్టు తిట్టి, మూసి మళ్ళీ తెరిచి, పని చూసుకునేవారు. నాకు ఆ వీలు లేదు. ఆ ఎడిటర్ మేం తయారుచేసేదే. బెంగళూరు మహదేవపురలో మా ఆఫీసు. తెలుగు, కన్నడ పుస్తకాలు టైపు చేసే సెంటర్లు, ప్రూఫులు దిద్దేవాళ్ళు మా ఎడిటర్ వాడతారు. అక్షరం సైజు ఎంతుంటే వరుసకూ వరుసకూ మధ్య ఎంత ఎడం ఉండాలో లెక్కకట్టే భాగం అందులో నాది. ఇంగ్లీషు అక్షరాలు ఒంటి గదిలో సర్దుకుంటాయి. మన అక్షరాలకు పైన మేడ కావాలి, కింద నేలమాళిగ కావాలి. ఆ మాట ఆఫీసులో నేను ఎన్ని మీటింగుల్లో ఎంత గొంతు పెట్టుకుని చెప్పానో లెక్కలేదు. నా నోటికి భయపడి కొందరు ఒప్పుకునేవారు, కొందరు నిజంగానే ఒప్పుకునేవారు. ఎలా ఒప్పుకున్నా నాకు అభ్యంతరం లేదు.

కాబట్టి వరుసలు కలిసిపోతే నాకు మొదట రావలసిన మాట ‘బగ్’. రాలేదు. మొదట వచ్చింది ఇది: అయిపోయింది, నాన్న కళ్ళు నాకూ వచ్చాయి.

మా నాన్న దొడ్డబళ్ళాపురంలో పట్టు నేసేవాడు. సొంత మగ్గం కాదు, యజమాని మగ్గం. యాభై నిండకముందే ఆయనకు నీటికాసులు, అంటే గ్లాకోమా, వచ్చి పక్కచూపు పోసాగింది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. గడప తగిలితే గడపని తిట్టేవాడు. “ఈ వాకిలి ఇంత ఇరుగ్గా కట్టినోడు ఎవడు?” అనేవాడు. తలంతా తిప్పి చూడటం చూసి మేం ఆయనకి మెడ పట్టేసిందనుకున్నాం. కనిపించని పోగుల్ని వేలితో తడిమి నేశాడు. అలా ఎంత కాలం నెట్టుకొచ్చాడో తెలియదు. ఒక రోజు పడుగులో రెండు పోగులు తెగి, చీర అంచులో జానెడు పొడవున గీత పడింది. అది ఆయనకు కనిపించలేదు, యజమానికి కనిపించింది. యజమాని కేకలు వేయలేదు. మరుసటి వారం ఆ మగ్గం మీద ఇంకొకరు కూర్చున్నారు, అంతే.

అందుకని నాకు ఇప్పుడు నలభై ఎనిమిదేళ్ళు అన్న సంగతి, నా కళ్ళకు దగ్గరి చూపు తగ్గిన సంగతి రెండూ నేను ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. మా టీములో సగం మంది నా పెళ్ళినాటికి పుట్టలేదు. గత నెల మా అంతస్తులో ఇద్దరిని గరుకు అద్దాల చిన్న గదిలోకి పిలిచారు. ఇద్దరికీ నా వయసే. బయటికి వచ్చి ఇద్దరూ కాఫీ కప్పులు సంచిలో పెట్టుకుని వెళ్ళారు, మళ్ళీ రాలేదు. అప్పట్నించి ఆ గదిలో దీపం వెలిగితే చాలు, తల దించుకుని నడుస్తాను. ఆఫీసులో పెట్టిన ఆరోగ్య పరీక్షల్లో కళ్ళ చార్టు ముందు నిలబడ్డాను. చివరి వరుస గడగడా చదివేశాను. వరుసలో నాకంటే ముందున్న తొమ్మిది మంది అదే చదివారు, విని కంఠతా పట్టాను. “ఎక్సలెంట్ మేడమ్,” అన్నాడు పరీక్ష చేసినతను. ఎక్సలెంటే, జ్ఞాపకశక్తి.

మా టీములో ఒక నియమం ఉంది. నోట్సు, మీటింగు వివరాలు, పరీక్ష కోసం ఎక్కించిన పుస్తకాలు, ఏం రాసినా మా ఎడిటర్‌లోనే రాయాలి. ఆ ఎడిటర్‌లో నా అక్షరం సైజు మొదట పన్నెండు. తర్వాత పదహారు చేశాను. తర్వాత ఇరవై. రెండేళ్ళుగా ఇరవై నాలుగు. పక్క వరుసలో కూర్చున్నవాళ్ళు తల తిప్పకుండా చదవగలిగే సైజు అది. పగలంతా ఒంటరిగా ఉన్నప్పుడు ఇరవై నాలుగు. ఎవరైనా నా బల్ల వైపు వస్తుంటే కంట్రోల్ మీట అదిమి పట్టి మైనస్ ఆరుసార్లు నొక్కుతాను. నొక్కుకి రెండు తగ్గుతుంది, సైజు పన్నెండుకి దిగుతుంది. వాళ్ళు వెళ్ళగానే ప్లస్ ఆరుసార్లు. మనిషి ఎదురొస్తే చున్నీ సర్దుకోవడం లాంటిదే ఇదీ. మొదట్లో ఆలోచించి చేసేదాన్ని. తర్వాత ఆలోచించడం మానేశాను.

ఆ మంగళవారం ఎవరో ఛార్జర్ అడగడానికి వచ్చి వెళ్ళారు. నేను పనిలో పడ్డాను. రెండు మాటలు టైపు చేశానో లేదో వరుసలు ఎక్కేశాయి.

మా టీమ్ లీడ్ది కాకినాడ వైపు. ముప్ఫై రెండేళ్ళ అమ్మాయి. పనిమంతురాలు, ఆ మాట ఆమెకి ఎదురుగా ఎప్పుడూ చెప్పలేదు. నాలుగు బల్లల అవతల కూర్చుంటుంది. కేకేశాను.

“ఇట్ల రామ్మా ఒకసారి. వరుసలు కొట్లాడుకుంటా ఉండాయి.”

“మీరుండగా అవి కొట్లాడ్డం ఏంటండీ,” అంటూ వచ్చింది. చెప్పులు టపటపలాడించుకుంటూ నడుస్తుంది, దూరం నుంచే తెలుస్తుంది. నా భుజం మీంచి వంగి చూసింది.

స్క్రీన్ మీద వరుసలు బడిలో ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లాగా ఎడం ఎడంగా, బుద్ధిగా ఉన్నాయి.

“ఎక్కడ మేడమ్?”

“ఈడే. ఇప్పుడే. నువ్వు లేచి వచ్చేలోపల సర్దుకున్నాయి.”

“నాకైతే నీట్‌గా ఉందండీ.”

“నీట్‌గా ఉంటే నిన్ను ఎందుకు పిలుస్తాను, నీ మొహం చూసేదానికా?”

“బగ్‌ని పట్టుకుని ఉంచి పిలవండి మేడమ్. నేను ఎక్కడికీ పోను,” అని నవ్వి వెళ్ళిపోయింది.

నేను పట్టుకోవడానికే చూశాను. మెనూలోకి వెళ్ళి ఎనిమిది నుంచి నలభై దాకా ఒక్కొక్క సైజే పెట్టి చూశాను. వరుసల ఎత్తు ప్రతిసారీ సరిగ్గానే మారింది. ఫాంటు మార్చాను, మానిటర్ మార్చాను, కన్నడ పేజీ ఎక్కించాను. ఏ తేడా లేదు. సైజుకీ దీనికీ సంబంధం లేదని రాసిపెట్టుకున్నాను. మధ్యాహ్నం మళ్ళీ ఒకసారి వచ్చింది. మళ్ళీ పిలిచాను, మళ్ళీ పోయింది. లోపాన్ని నమోదు చేస్తూ టికెట్ రాశాను. ‘మా దగ్గర రావడం లేదు’ అని సాయంత్రానికల్లా టెస్టింగ్‌వాళ్ళు దాన్ని మూసేశారు.

ఇంటికి వెళ్ళేసరికి నాలో ఒక పిచ్చి లెక్క మొదలైంది. ఆ బగ్ నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు వస్తుంది. ఇంకొకరి కళ్ళు పడగానే పోతుంది. అంటే అది స్క్రీన్ మీద లేదు. నా కళ్ళ వెనకాల ఉంది. గుమ్మం దాటుతూ కావాలని ముందుకే చూస్తూ, పక్కనున్న చెప్పుల స్టాండు కనిపిస్తుందా లేదా అని పరీక్షించుకున్నాను. కనిపించింది. నిజంగా కనిపించిందా, అక్కడ ఉంటుందని తెలిసి కనిపించినట్టు అనిపించిందా? మళ్ళీ బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి వచ్చాను.

మా ఆయనది పాత బెంగళూరు కుటుంబం, పేటలో జరీ అంగడి. ఆయన సోఫాలో కూర్చుని ఇదంతా చూశాడు.

“ఏం కత? వాకిట్లో కవాతు చేస్తా ఉండావు?”

“ఏం లే.”

జవాబు చెబుతూ చేతిలో ఫోను చూశాను. ఆయన లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఇంకో జానెడు దూరం జరిపాడు.

“ఇంగ కొంచెం దూరం పెట్టు. పక్కింటోళ్ళ హాల్లో పెడితే ఇంగా బాగా కనిపిస్తాది.”

“నా కండ్లు బాగుండాయి.”

“బాగుంటే ఈ మాత్రల అట్ట మీద ఏం రాసుండాదో చదువు.”

“చదవను. నేనేమన్నా బడిపిల్లనా?”

“కొట్లాడేదానికి నోరు మాత్రం బలే ఉండాది నీకు.”

“ఊరికే ఉండప్పా. నాకు ఆఫీసులోనే తల తిరుగుతా ఉండాది.”

ఆయన నవ్వడం ఆపాడు. గొంతు తగ్గించి, “మీ నాయన మాదిరి చేయొద్దే,” అన్నాడు.

నేను వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి, అవసరం లేని గిన్నెలు కడిగాను. బయటినుంచి ఆయన ఫోనులో కన్నడలో మాట్లాడటం వినిపించింది. శనివారం పదకొండు గంటలకు, కళ్ళ ఆస్పత్రిలో.

బుధవారం ఆ బగ్ మూడుసార్లు వచ్చింది. మూడోసారి స్క్రీన్ ఫొటో తీసి చూపించవచ్చు కదా అని మీరనవచ్చు. తీశాను. ఎడిటర్‌లోనే స్క్రీన్ బొమ్మ తీసే మీట ఉంది. అది బొమ్మ తీసేముందు పేజీని మళ్ళీ గీస్తుంది. గీసినప్పుడు వరుసలన్నీ సర్దుకుంటాయి. బొమ్మ నిండా శుభ్రమైన వరుసలు. నేను రాసిన ఫిర్యాదుకి నేనే తీసిన బొమ్మ ఎదురు సాక్ష్యం చెప్పింది.

మధ్యాహ్నం లీడ్ వచ్చి చూసింది. ఏమీ లేదు. ఈసారి నవ్వలేదు. పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

“మేడమ్, ఒక మాట చెప్తాను. తప్పుగా అనుకోకండి.”

“తప్పైతే తప్పుగానే అనుకుంటాను. చెప్పు.”

“మా అమ్మకి కూడా ఇలాగే అక్షరాలు ఒకదాని మీద ఒకటి కనపడేవండీ. ఒకసారి కళ్ళు చూపించుకోండి. శుక్రవారం రిలీజ్ కదా, లైన్ల సైన్-ఆఫ్ ఈసారికి నేను చూసేస్తాను. మీకు స్ట్రెస్ ఉండదు.”

సైన్-ఆఫ్ అంటే పెద్ద తంతు ఏమీ కాదు. ఎడిటర్ కొత్త వెర్షన్‌లో వంద పేజీలు తిప్పి, వరుసలు సరిగ్గా ఉన్నాయని నా పేరు పక్కన ఒక టిక్కు పెట్టడం. తొమ్మిదేళ్ళుగా ఆ టిక్కు నాది. ఆ అమ్మాయి మంచి మనసుతోనే అడిగింది. మా నాన్న యజమాని కూడా కేకలు వేయలేదు.

“సరే,” అన్నాను.

చుట్టుపక్కల రెండు తలలు ఇటు తిరిగాయి. నేను ఇంత తొందరగా ‘సరే’ అనగా ఆ అంతస్తులో ఎవరూ వినలేదు. లీడ్ కూడా ఒక క్షణం ఆగి చూసింది, నేను ఇంకేదో అంటానని. వాదించాలంటే ముందు మన కళ్ళను మనం నమ్మాలి.

గురువారం బస్సులో ఒక ఉపాయం తట్టింది. ఎడిటర్ బొమ్మ తీస్తే కదా సర్దుకునేది? బయటినుంచి ఫోనుతో వీడియో తీస్తే? ఫోనుకి నీటికాసులు రావు. బల్ల మీద ఒక పక్కగా నీళ్ళ సీసాకి ఆనించి, స్క్రీనూ కీబోర్డూ రెండూ పడేలా నిలబెట్టాను. పదకొండు గంటలకు టీములో ఒకతను వచ్చి ఏదో మీటింగు గది సంగతి అడిగి వెళ్ళాడు. నేను టైపు చేయడం మొదలుపెట్టగానే వరుసలు ఎక్కాయి. ఫోనులో వీడియో ఆన్ చేశాను. ఈసారి గట్టిగా పిలిచాను.

“రా, రా, తొందరగా రా!”

టపటపా వచ్చింది. వంగి చూసింది. చాలాసేపు చూసింది, నా కోసం.

“లేదు మేడమ్,” అంది మెల్లగా. ఆ మెల్లదనం నేను తట్టుకోలేకపోయాను. ఫోను తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాను.

మెట్ల మీద కూర్చుని వీడియో పెట్టాను. వరుసలు కలిసే ఉన్నాయి. స్పష్టంగా, వత్తులు తలకట్లలో దిగబడి, నేను చూసినట్టే ఉన్నాయి. నా ఒళ్ళంతా ఒక్కసారి తేలికైంది. నా కళ్ళు కాదు! ఆ తేలిక ఎంతసేపు ఉందో చెప్పలేను, ఎందుకంటే అంతలోనే వీడియోలో చెప్పుల చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు వినగానే ఒక చెయ్యి కంట్రోల్ మీట మీదికి వెళ్ళింది. ఇంకో చేతి వేలు మైనస్ మీదికి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. అక్షరాలు చిన్నవయ్యాయి. చేతులు రెండూ ఒళ్ళోకి వెళ్ళి బుద్ధిగా కూర్చున్నాయి. ఒక్క క్షణం తర్వాత వరుసలు చక్కగా విడిపోయాయి. అప్పుడు లీడ్ తల ఫ్రేములోకి వచ్చింది. ‘లేదు మేడమ్.’

నాలుగుసార్లు చూశాను. ఆ గాజులు నావే. ఆ వేలు నాదే. బగ్‌ని చూపించడానికి మనుషుల్ని పిలిచి, వాళ్ళు వచ్చేలోపల దాన్ని నేనే తుడిచేస్తున్నాను. మూడు రోజులుగా. నా చెయ్యి ఆ పని చేస్తోందని నాకు తెలియదంటే ఎవరైనా నమ్ముతారా? నేనే నమ్మను. కానీ వీడియోలో నా ముఖం కూడా ఒక పక్కగా పడింది. ఆ ముఖంలో ఏ కుట్రా లేదు. గాభరా ఉంది, అంతే.

బల్ల దగ్గరికి వచ్చి చేసి చూశాను. మైనస్ ఆరుసార్లు, చేతులు తీసేసి ఆగాను. వరుసలు సరిగ్గా ఉన్నాయి. ప్లస్ ఆరుసార్లు టకటకా నొక్కి, ఊపిరి తీయకుండా వెంటనే ఒక అక్షరం టైపు చేశాను. ఎక్కేశాయి. మళ్ళీ చేశాను, మళ్ళీ ఎక్కాయి. నొక్కాక ఒక్క క్షణం ఆగి టైపు చేస్తే ఏమీ కాలేదు. మెనూలోంచి సైజు మార్చినప్పుడు ఎందుకు కాలేదో కూడా అర్థమైంది. మౌసు వదిలి కీబోర్డు మీదికి చెయ్యి వచ్చేసరికి ఆ క్షణం గడిచిపోతుంది.

కోడ్ తెరిచాను. సైజు మారిన వెంటనే వరుసల ఎత్తు లెక్కకట్టకుండా, ఒక క్షణం ఆగమని అక్కడ రాసి ఉంది. పెద్ద పుస్తకాల్లో ప్రతి నొక్కుకీ లెక్కకడితే ఎడిటర్ మొరాయిస్తుందని ఆ ఏర్పాటు. పెద్ద పుస్తకం తెరిచి ఉంటేనే అది పనిచేస్తుంది; వెయ్యి పేజీల పుస్తకం నేను పరీక్షకని ఎక్కించింది ఈ మంగళవారం పొద్దునే. ఆగిన ఆ క్షణంలో ఎవరైనా అక్షరం టైపు చేస్తే, ఎడిటర్ అక్షరాన్ని పట్టించుకుని లెక్కని గాలికొదిలేస్తోంది. అక్షరాలు ఇరవై నాలుగుకి పెరుగుతాయి, వరుసల ఎత్తు పన్నెండు దగ్గరే ఉండిపోతుంది. నేను వచ్చినవాళ్ళని చూసి చేతులు ఒళ్ళో పెట్టుకుంటాను కాబట్టి చిన్నవి చేసేటప్పుడు లెక్క పూర్తవుతుంది. వాళ్ళు పోగానే పని మీద పడతాను కాబట్టి పెద్దవి చేసేటప్పుడు పూర్తికాదు. ఆ నాలుగు వరుసల కోడ్ రాసిందెవరో పక్కనే ఉంది. నేను. నాలుగేళ్ళ కిందట.

ఎవరినైనా తిట్టాలని ఉంది, తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

ఇలా ఇంకెవరికైనా వచ్చిందా అని పాత ఫిర్యాదులు వెతికాను. ఒకటి దొరికింది. రెండు నెలల కిందటిది, ఎక్కడో ప్రూఫులు దిద్దే మనిషి రాసినది. ‘పని మధ్యలో వరుసలు ఒకదాని మీద ఒకటి వస్తున్నాయి. మా సారుకి చూపించబోతే పోతున్నాయి. నా కళ్ళదే పొరపాటైతే క్షమించండి.’ దాని కింద మావాళ్ళ జవాబు: వాడేవారి మానిటర్‌లో లోపం. మూసివేయబడింది.

ఆ మనిషి ఎవరో, ఆడో మగో, వయసెంతో, వెనకాల ఏ సారు వచ్చి నిలబడతాడో నాకు తెలియదు. ‘క్షమించండి’ దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. రెండు నెలలుగా ఆ మనిషి కూడా గుమ్మాలు దాటుతూ పరీక్షించుకుంటూ ఉండవచ్చు.

టికెట్ మళ్ళీ తెరిచి మెట్టు తర్వాత మెట్టు రాశాను. పెద్ద పుస్తకం తెరవండి, కీబోర్డుతో సైజు తగ్గించండి, ఆగండి, పెంచండి, వెంటనే టైపు చేయండి. ఎందుకో రాయలేదు. రాయనవసరం లేదనుకున్నాను. పది నిమిషాల్లో లీడ్ తన కుర్చీలోంచే పిలిచింది.

“వచ్చిందండీ! నా దగ్గర కూడా వచ్చింది! సూపర్ మేడమ్.”

ఆ మాట కోసం మూడు రోజులు ఎదురుచూశాను. లేచి ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆమె తల గోక్కుంటోంది.

“కానీ మేడమ్, ఇది రేపటి రిలీజ్‌కి అవసరమా? ఆరుసార్లు తగ్గించి, ఆరుసార్లు పెంచి, వెంటనే టైప్ చేయడం... ఇలా ఎవరు చేస్తారండీ? తర్వాతి దాంట్లో చూద్దాం.”

“చేస్తారు.”

“ఎవరు?”

“నేను.”

ఆమె నా వైపు చూసింది. “టెస్టింగ్ కోసమా?”

“కాదు. రోజూ.”

“రోజుకి ఎన్నిసార్లండీ?”

“ఎంతమంది వస్తే అన్నిసార్లు.”

“ఎందుకు?”

“నువ్వు వస్తా ఉండావని.”

పక్క బల్లల దగ్గర టైపు చప్పుడు ఆగింది. ఆమె ఇంకా అర్థం కాక చూస్తోంది. ఆమె కీబోర్డు నా వైపు లాక్కుని, ప్లస్ ఆరుసార్లు నొక్కి చూపించాను. అక్షరాలు స్క్రీన్ నిండా లేచి నిలబడ్డాయి.

“నేను పని చేసేది ఇంత సైజులో. నువ్వు వచ్చేటప్పుడు చిన్నవి చేస్తాను. రెండేళ్ళుగా. ఇదో, ఈ ఫిర్యాదు రాసినోళ్ళు కూడా అదే చేస్తా ఉంటారు. మానిటర్ లోపమంట! చదువు, కడదాకా చదువు. క్షమాపణ అడిగినారు మనల్ని. రేపే పోవాల ఇది. తర్వాతి రిలీజ్ అంటే నేను ఒప్పుకోను.”

గొంతు పెరిగింది. నాకే తెలిసింది. రెండు రోజులుగా ఎక్కడికో పోయిన నోరు తిరిగొచ్చింది.

ఆమె ఆ ఫిర్యాదు చదివింది. తర్వాత తన కాళ్ళ వైపు చూసుకుంది.

“నా చెప్పుల చప్పుడు వినేనా మేడమ్?”

“మరి? అర ఫర్లాంగు నుంచి వినిపిస్తాది.”

“అయితే రేపట్నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని వస్తానండీ,” అంది. నవ్వాలా వద్దా అన్నట్టు నన్ను చూసింది. నేను నవ్వలేదు, కానీ కోప్పడలేదు. అప్పుడు ఆమె అంది: “సైన్-ఆఫ్ మీరే చేయండి మేడమ్. కళ్ళు మాత్రం చూపించుకోండి.”

“అది వేరే టికెట్,” అన్నాను.

సరిచేయడానికి రెండు వరుసలు పట్టాయి. శుక్రవారం వంద పేజీలు ఇరవై నాలుగు సైజులో తిప్పి టిక్కు పెట్టాను. టిక్కు పెడుతుంటే ఎవరో వెనక నడిచి వెళ్ళారు, నా చెయ్యి మైనస్ దాకా వెళ్ళి వచ్చింది. ఆ సాయంత్రం గరుకు అద్దాల గదిలో దీపం వెలుగుతోంది. లోపల ఎవరున్నారో తెలియదు. చూడకుండా లిఫ్టు ఎక్కాను.

శనివారం ఆస్పత్రిలో ఒక కన్నుకి గంత కట్టి, గిన్నెలాంటి తెల్లటి యంత్రంలో తల పెట్టమన్నారు. మధ్యలోకే చూస్తుండాలి, చుట్టూ ఎక్కడైనా వెలుగు చుక్క కనిపిస్తే చేతిలోని బటన్ నొక్కాలి. మూడు చుక్కలకి నొక్కాను. నాలుగోది ఉందో లేదో తేల్చుకోలేకపోయాను.

“కనిపించినట్టు అనిపించి, నిజంగా లేకపోతే?” అని కన్నడలో అడిగాను.

“అదన్నూ మెషిన్ నోడుత్తె మేడమ్. అనిసిదరె ఒత్తి,” అంది పరీక్ష చేసే పిల్ల. అది కూడా మెషీన్ చూసుకుంటుందట, అనిపిస్తే నొక్కమంది. అనిపించినప్పుడల్లా నొక్కాను. అనిపించని చోట్ల ఎన్ని చుక్కలు వెలిగి ఆరిపోయాయో అన్నదే ఆలోచన. గంత విప్పేసరికి బటన్ పట్టుకున్న బొటనవేలు నొప్పి పుట్టింది.

డాక్టరు దగ్గరికి మాకంటే ముందు పన్నెండు మంది ఉన్నారు. రిపోర్టు మాత్రం కౌంటరులో చేతికిచ్చారు. చూశాను. దగ్గర పెట్టి, దూరం పెట్టి, వెలుతురుకి పెట్టి చూశాను. చీమలు పారినట్టుంది.

“ఇదేంది?” అన్నాను మా ఆయనతో. “కండ్లు కనపడనోళ్ళకి ఇచ్చే కాగితం ఇంత చిన్న అక్షరాల్లో అచ్చేసినోడు ఎవడు?”

“కొట్లాడొద్దు. ఈడ ఇయ్యి, నేను చదువుతాను.”

“నువ్వు చదివి నాకు సగం చెప్తావు.”

ఆయన కాదనలేదు. నేను కౌంటరు దగ్గరికి వెళ్ళి, ఈ రిపోర్టు పెద్ద అక్షరాల్లో మళ్ళీ తీసివ్వమన్నాను. అలా ఎవరూ అడగరంది కౌంటరు అమ్మాయి. అడగనోళ్ళు ఎంతమంది చదవకుండానే ఇంటికి పోయారో మీరు ఎప్పుడైనా అడిగారా అన్నాను. ఆ అమ్మాయి నిట్టూర్చి మౌసు పట్టుకుంది.

“ఎష్టు సైజ్ బేకు మేడమ్?”

ఎంత సైజు కావాలో గట్టిగానే అడిగింది. వెనక కుర్చీల్లో పన్నెండు మందీ నా వైపు చూశారు. నా వేళ్ళు కౌంటరు బల్ల అంచు మీద మైనస్ కోసం వెతికాయి. అక్కడ చెక్క తప్ప ఏమీ లేదు.

“ఇప్పత్నాల్కు,” అన్నాను. ఇరవై నాలుగు.

ఒక్క కాగితం అయిదు కాగితాలైంది. మొదటి దాని మీద నా పేరు, నా వయసు, అంత పెద్దగా. రెండు, మూడు తిప్పాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని పక్కనే నిలబడ్డాడు, కాగితం వైపు చూడకుండా.

నాలుగో కాగితంలో ఉంది. కుడి కన్ను బాగుంది. ఎడమ కన్ను పై అంచున చూపు తగ్గిందేమోనని అనుమానం ఉంది, మూడు నెలల్లో మళ్ళీ పరీక్ష చేయాలి. రెండుసార్లు చదివాను. రెండుసార్లూ అదే ఉంది. అక్షరం అక్షరం కనిపించింది. వరుసల మధ్య ఎడం మాత్రం సరిపోలేదు.